దమ్ముకూ రోడ్డుకూ ఒకే క్లచ్

ఆషాఢంలో వానలు నిలదొక్కుకుని చెరువుల కింద కరిగెట్లు మొదలయిన తరువాత, జనగామలోగాని, మహబూబాబాదులోగాని, భూపాలపల్లిలోగాని ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు దగ్గర ఒక్క పూట నిలబడి చూడండి. ఒకటి రెండు ట్రాక్టర్లయినా నడుము దగ్గర రెండుగా విడదీసి కనిపిస్తాయి. ముందు చక్రాలతో ఇంజను ఒక వైపు, వెనుక చక్రాలతో గేరుపెట్టె మరొక వైపు, కింద జాకీలు, చెక్క దిమ్మెలు. ఇంత పెద్ద శస్త్రచికిత్స దేనికంటే, అన్నం తినే పళ్ళెమంత వున్న ఒక బిళ్ళను మార్చడానికి. దానినే క్లచ్ ప్లేటు అంటారు. బయటికి తీసిన బిళ్ళ నల్లగా మాడి, అంచులు రాలి, కాలిన గోనెసంచి వాసన వేస్తూ వుంటుంది.

అట్టి షెడ్డులో ఒకనాడు ఈ రచయిత విన్న సంభాషణ ఇది. పొలం యజమాని పెద్దవాడు. మెకానిక్ పాతికేళ్ళ కుర్రవాడు.

“ఈసారి గట్టిది వెయ్యి తమ్మీ. ఇరవై దినాలల్ల మళ్ల కాలొద్దు.”

“గట్టిదేస్తే గుంజుతది కాకా. మరి నీ కాలు మెల్లగ లేస్తదా?”

పెద్దాయన నవ్వి వూరుకున్నాడు గాని, ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నలో చాలా భౌతికశాస్త్రం వున్నది. నారు ముదిరిపోతున్నది, కిరాయికి మరొక ట్రాక్టరు దొరకదు, ప్లేటు కాలితే బండిని విప్పి బిగించడానికి ఒకటి రెండు రోజులు పోతాయి. కనుక గట్టి ప్లేటు కావాలనడం సహజం. అయితే క్లచ్ విషయంలో గట్టిదనం అంటే ఏమిటి? ఎంత గట్టిగా వుంటే అంత మంచిదా?

ముందుగా క్లచ్ ఎందుకు కావలసివచ్చిందో చూద్దాము. విద్యుత్ మోటారు నిలిచిన చోటినుంచే లాగగలదు. డీజిలు ఇంజను అట్లా కాదు. నిమిషానికి ఆరేడు వందల చుట్లయినా తిరుగుతూ వుంటేనే దానికి ప్రాణం. చక్రమేమో మొదట నిలిచి వున్నది. తిరిగేదానిని, నిలిచినదానిని ఒక్కసారిగా బిగిస్తే ఇంజనయినా ఆగిపోతుంది, బండి అయినా ఎగిరి దూకుతుంది. నడుస్తున్న ఎడ్లబండి ఎక్కే పిల్లవాడు ఏం చేస్తాడు? పక్కన నాలుగు అడుగులు పరుగెత్తి, తన వేగం బండి వేగానికి సమానమయినప్పుడు చేయి వేసి ఎక్కుతాడు. ఆ నాలుగు అడుగుల పరుగే క్లచ్ చేసే పని. దానిలో జారడం వున్నది, జారుతూ జారుతూ పట్టుకోవడమూ వున్నది.

నిర్మాణం సులభమైనదే. ఇంజను వెనుక బరువైన ఫ్లైవీలు తిరుగుతూ వుంటుంది. గేరుపెట్టెలోకి పోయే ఇరుసు మీద క్లచ్ ప్లేటు కూర్చుంటుంది. దాని రెండు ముఖాలకూ గరుకైన లైనింగు అతికి వుంటుంది. ఈ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టడానికి ప్రెషరు ప్లేటు, దాని వెనుక బలమైన స్ప్రింగులు వున్నాయి. పెడలు తొక్కనంతసేపు స్ప్రింగులు అదిమే వుంటాయి. తొక్కితే ప్రెషరు ప్లేటు వెనక్కు జరిగి, మధ్య ప్లేటు వదులవుతుంది. పెడలును సగం వరకు మాత్రమే వదిలినప్పుడు ప్లేటు కొంత పట్టి, కొంత జారుతుంది. డ్రైవర్లు దీనినే హాఫ్ క్లచ్ అంటారు.

పట్టు ఎక్కడినుంచి వస్తుంది?

ఒక క్లచ్ ఎంత తిప్పుబలాన్ని, అనగా పాఠ్యపుస్తకాలలోని టార్క్‌ను, జారకుండా మోయగలదో లెక్క కట్టడానికి నాలుగు సంఖ్యలు చాలు: లైనింగు ఘర్షణ గుణకం, స్ప్రింగులు అదిమే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాసుకునే ముఖాల సంఖ్య. వీటిని వరుసగా హెచ్చవేయడమే. 45 అశ్వసామర్థ్యపు ట్రాక్టరు ఒకటి తీసుకుందాము. ఘర్షణ గుణకం 0.3 అనుకోండి. స్ప్రింగుల బలం 5000 న్యూటన్లు, అనగా సుమారు 500 కిలోల బరువు మోపినంత. సగటు వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు. ముఖాలు రెండు. ఇవి హెచ్చవేస్తే 360 న్యూటన్ మీటర్లు వస్తుంది.

ఇక ఇంజను వైపు చూడండి. 45 అశ్వసామర్థ్యమంటే సుమారు 33 కిలోవాట్లు. నిమిషానికి 2000 చుట్ల దగ్గర దాని తిప్పుబలం సుమారు 160 న్యూటన్ మీటర్లవుతుంది. చుట్లు కొంచెం తగ్గినప్పుడు 180 వరకు పోతుందనుకుందాము. అనగా క్లచ్ పట్టు ఇంజను బలానికి రెండింతలు వున్నది. ఈ మిగులు ఎందుకంటారా? లైనింగు అరుగుతుంది, వేడెక్కితే ఘర్షణ గుణకం తగ్గుతుంది, కాస్త నూనె తగిలితే ఇంకా తగ్గుతుంది. అంతేగాక గుంటలో చక్రం పడ్డప్పుడు ఫ్లైవీలులో నిలవ వున్న శక్తి కూడా ఇంజను బలానికి తోడై క్లచ్ మీద పడుతుంది.

ఈ సూత్రంలో ఒక వింత వున్నది. చురుకైన విద్యార్థి వెంటనే అడుగుతాడు. ప్లేటు వైశాల్యం ఎక్కడ? వైశాల్యం లేనే లేదు. ఘర్షణ బలం అదిమే బలాన్ని బట్టి వుంటుందిగాని, తాకే వైశాల్యాన్ని బట్టి వుండదని 1699లో ఫ్రాన్సు దేశపు అమోంటన్స్ చెప్పాడు. విద్యుదావేశాల సూత్రం చెప్పిన కూలుంబే ఈ విషయాన్ని మరింత విపులంగా పరిశోధించి, 1781లో ఫ్రెంచి అకాడెమీ బహుమతి పొందాడు. అయితే 11 అంగుళాల ప్లేటు కంటె 12 అంగుళాల ప్లేటును మెకానిక్‌లు ఎందుకు మెచ్చుకుంటారు? వ్యాసార్ధం పెరగడం ఒక కారణం. రెండవది, వైశాల్యం పట్టును పెంచకపోయినా వేడిని పంచుకుంటుంది, అరుగుదలను పంచుకుంటుంది. క్లచ్ ఆయుష్షు నిర్ణయించేది ఆ వేడే.

ముఖాల సంఖ్య విషయం కూడా గమనించతగినదే. మన వూళ్ళలో తిరిగే మోటారు సైకిలు క్లచ్ అరచేతిలో పడుతుంది. దానిలో నాలుగైదు సన్నని ప్లేట్లు నూనెలో మునిగి వుంటాయి. నూనెలో ఘర్షణ గుణకం చాలా తక్కువ. అయినా ముఖాలు ఎనిమిదో పదో వున్నందువల్ల, వేళ్ళతో నొక్కగల మెత్తని స్ప్రింగులే సరిపోతున్నాయి.

సగం వేడికే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఇంజను ఒకే వేగంతో తిరుగుతున్నదనుకోండి. క్లచ్ పట్టడం మొదలయినప్పటినుంచి ప్లేటు వేగం సున్న నుంచి పెరిగి ఇంజను వేగాన్ని అందుకుంటుంది. ఈ కాలమంతా క్లచ్‌కు రెండు వైపులా తిప్పుబలం ఒకటే. చేసిన పని తిప్పుబలాన్ని, తిరిగిన కోణాన్ని బట్టి వుంటుంది. ఇంజను పూర్తి వేగంతో తిరిగింది. ప్లేటు సగటున దానిలో సగం వేగంతోనే తిరిగింది. అనగా ఇంజను ఇచ్చిన పనిలో సగమే బండికి చేరింది. తక్కిన సగం క్లచ్‌లో వేడిగా మారింది.

ఈ సగం తప్పదు. అయిదు వేల రూపాయల ప్లేటు వేసినా, యాభై వేల రూపాయల ప్లేటు వేసినా తప్పదు. లైనింగు ఏ పదార్థంతో చేశారన్నది ఈ లెక్కలో రానేలేదు గదా! కదలికకు అడ్డు లేనప్పుడు, బండి పొందిన గతిజశక్తి ఎంతో క్లచ్‌లో పుట్టిన వేడి అంత. మంచి ప్లేటు చేయగలిగింది ఆ వేడిని తట్టుకోవడం మాత్రమే.

దీనివల్ల రెండు సంగతులు తేలుతాయి. మొదటిది రోడ్డుకు సంబంధించినది. రెండు టన్నుల ట్రాక్టరు, ట్రాలీతో కలిపి ఆరు టన్నుల వడ్లు; మొత్తం 8000 కిలోలు. గంటకు 8 కిలోమీటర్లు నడిచే గేరులో బయలుదేరితే గతిజశక్తి సుమారు 20 కిలోజౌళ్ళు. తొందరపడి, గంటకు 24 కిలోమీటర్లు నడిచే గేరులో బయలుదేరితే సుమారు 180 కిలోజౌళ్ళు. వేగం మూడింతలయితే వేడి తొమ్మిదింతలు. కొనుగోలు కేంద్రం దగ్గర వరుసలో ఒక్కొక్క బండి ముందుకు జరిగేటప్పుడు పెద్ద గేరులోనే వుంచి క్లచ్‌తో నెట్టుకువచ్చే డ్రైవరు, ఒక్క సాయంత్రంలో ఎంత లైనింగు తింటాడో వూహించండి.

రెండవది బురదకు సంబంధించినది. పైన చెప్పిన సగం లెక్క, బండి స్వేచ్ఛగా కదిలినప్పటిది. దమ్ములో అట్లా కాదు. ఇనుప చక్రాలను బురద వెనక్కు పట్టి లాగుతూ వుంటుంది. క్లచ్ మోపిన తిప్పుబలంలో కొంత ఆ అడ్డును ఎదుర్కోవడానికే పోతుంది. మిగిలినది మాత్రమే వేగం పెంచుతుంది. అడ్డు సగమయితే జారే కాలం రెండింతలు, వేడి రెండింతలు. అడ్డు అయిదింట నాలుగు వంతులయితే వేడి అయిదింతలు. పదింట తొమ్మిది వంతులయితే పదింతలు. చక్రం అసలు కదలకపోతే? అప్పుడు వేడికి అంతులేదు. ఇంజను 1500 చుట్లు తిరుగుతూ, హాఫ్ క్లచ్‌లో 100 న్యూటన్ మీటర్ల బలంతో జారుతున్నదనుకోండి. క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 16 కిలోవాట్లు. బకెట్టులో నీళ్ళు కాచుకునే ఒక కిలోవాటు హీటర్లు పదహారు, గాలి సరిగా ఆడని ఆ ఇనుప డొప్పలో ఒక్కసారి వెలిగించినట్టే. పది సెకనులు అట్లా పట్టుకుంటే 160 కిలోజౌళ్ళు. పెద్ద గేరులో ఒకసారి బయలుదేరినంత. దిగబడిన బండిని వూపి వూపి తీయాలని పది నిమిషాలు పెనుగులాడినవాడు, మరునాడు షెడ్డుకు రాక తప్పదు.

ఇక్కడ పెద్దాయన కోరిన గట్టి ప్లేటుకు కొంత న్యాయం కనిపిస్తుంది. బురద అడ్డు మారదు; క్లచ్ పట్టు పెంచితే, అడ్డు దానిలో చిన్న భాగమవుతుంది. అడ్డుకు ఒకటింబావు రెట్లే వున్న పట్టును రెండింతలు చేస్తే, అయిదింతల వేడి రెండింతలకంటె తక్కువకు దిగుతుంది. లెక్క ప్రకారం ఇది పెద్ద లాభమే. నష్టం ఎక్కడున్నదో ముందు చూస్తాము.

లైనింగుల కథ

లైనింగులకు తొలి రోజులలో తోలు, పత్తి నేత మొదలైనవి వాడేవారు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బండ్ల బ్రేకుల కోసం మంచి లైనింగు తయారుచేయడం మొదలుపెట్టాడు. తరువాత ఈ రంగంలోకి రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, వచ్చింది. అది కాలదు, చవక. మన కడప జిల్లాలో పులివెందుల ప్రాంతాన కూడా దానిని తవ్వి తీశారు. కాని దాని సన్నని పొడి ఊపిరితిత్తులలో చేరితే, ఏళ్ళు గడిచిన తరువాత మానని జబ్బులు, క్యాన్సరు కలుగుతాయని రుజువయింది. పాత బండి క్లచ్ విప్పినప్పుడు గాలి గొట్టంతో ఆ దుమ్మును వూదడం మన షెడ్లలో అలవాటు. తడి గుడ్డతో తుడవాలి. పక్కన నిలబడి చూసే పిల్లలను ముందు దూరంగా పంపాలి.

నేడు ట్రాక్టర్లకు వచ్చే ప్లేట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఆర్గానిక్ రకం: గాజునార, రెసిన్, రబ్బరు, కొంత ఇత్తడి తీగ కలిపి అచ్చుపోసిన వలయాలు. ఘర్షణ గుణకం 0.3 ప్రాంతంలో వుంటుంది. రెండు వలయాలకు మధ్య అలలవంటి సన్నని స్ప్రింగు రేకులు వుంటాయి. పెడలు వదులుతున్నకొద్దీ ఆ రేకులు మెల్లగా అణిగి, పట్టు క్రమంగా పెరుగుతుంది. బండి కుదుపు లేకుండా కదలడానికి ఇదే రహస్యం. అయితే సుమారు 200, 250 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి నిలిచిపోతే రెసిన్ చెడుతుంది. పట్టు తగ్గుతుంది, తగ్గినందువల్ల మరింత జారుతుంది, జారినందువల్ల మరింత వేడెక్కుతుంది. ప్లేటు కాలడమంటే ఈ విషవలయమే.

రెండవది సెరామిక్ ప్లేటు. పేరు అట్లా వున్నా దానిలో ఎక్కువ భాగం రాగి మొదలైన లోహాల పొడి. దానిలో గరుకైన సెరామిక్ రేణువులు కలిపి, అదిమి, కొలిమిలో కాలుస్తారు. పూర్తి వలయంగా కాక, పువ్వు రేకులవలె నాలుగో ఆరో బిళ్ళలుగా వుంటుంది. ఘర్షణ గుణకం 0.4 ప్రాంతంలోను, కొన్నిటిలో ఇంకా ఎక్కువగాను వుంటుంది. ఆర్గానిక్ రకం చచ్చిపోయే వేడి దానికి లెక్కలేదు. కాని అది మెల్లగా పట్టడం ఎరుగదు; అందుకుంటే అందుకున్నట్టే. ఫ్లైవీలు ముఖాన్ని, ప్రెషరు ప్లేటు ముఖాన్ని కూడా అది ఎక్కువగా గీకుతుంది.

పావు మైలు పందెపు కార్లు

మన పెద్దాయన చిక్కు అతని ఒక్కడిది కాదు. లోకంలో మరొక మూల, బొత్తిగా వేరే రకం మనుషులకు సరిగ్గా ఇదే చిక్కు వున్నది. అమెరికాలో పుట్టిన డ్రాగ్ పందెంలో కారు నిలిచిన చోటినుంచి బయలుదేరి తిన్నని బాటమీద పావు మైలు, అనగా 402 మీటర్లు, అతి తక్కువ కాలంలో దాటాలి. మనకు దగ్గరగా మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటమీద కూడా డ్రాగ్ పోటీలు జరుగుతుంటాయి. మామూలు రోడ్డుమీద ఇటువంటి పందెం వేయడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం. పందెపు కార్లలో కొన్ని పందెానికే పుట్టినవి. కొన్ని మాత్రం ఆదివారం పందెం ఆడి, సోమవారం యజమానిని ఆఫీసుకు తీసుకుపోయేవి. ఈ రెండవ రకం కారుకు ఏ క్లచ్ వేయాలన్నది పెద్ద చర్చ.

1200 కిలోల కారు ఇంజనును బాగా హెచ్చించి బయలుదేరి, క్లచ్ పూర్తిగా పట్టేసరికి గంటకు 50 కిలోమీటర్లు అందుకున్నదనుకోండి. వేడి సుమారు 116 కిలోజౌళ్ళు. పుట్టేది ఒకటి రెండు సెకనులలో. దిగబడిన ట్రాక్టరు క్లచ్‌లో పుట్టే వేడి వేగానికి ఇది నాలుగైదు రెట్లు. అయితే పందెం కారు క్లచ్‌కు తరువాత చల్లబడే తీరిక దొరుకుతుంది. దమ్ము ట్రాక్టరుకు దొరకదు. మడి మూల మూలకూ మళ్ళీ పెడలే.

సెరామిక్ బిళ్ళలు వేసిన కారు పందెంలో బాగుంటుందిగాని, రోడ్డుమీద ప్రతి సిగ్నలు దగ్గర గుర్రంలా ఎగురుతుంది. స్ప్రింగుల బలం పెంచితే పట్టు పెరుగుతుంది, కాని యజమాని ఎడమ కాలు నొప్పి పుడుతుంది. కనుక తెలిసినవారు మరొక దారి పట్టారు. ఒక ప్లేటుకు బదులు రెండు ప్లేట్లు వేస్తారు. ముఖాలు నాలుగు. అదే స్ప్రింగుతో పట్టు రెండింతలు. లేదా అదే పట్టుకు స్ప్రింగు బలం సగం. మెత్తని లైనింగు కూడా అప్పుడు సరిపోతుంది. అన్నిటికంటె బలమైన పందెపు కార్లలో అయితే అయిదారు ప్లేట్ల క్లచ్ వుంటుంది. దానిని కావాలనే మొదట కొంతసేపు జారనిచ్చి, తరువాత బిగిసేటట్టు అమర్చుతారు. ఒక్కసారిగా బిగిస్తే చక్రాలు పొగలు కక్కుతూ వున్నచోటే తిరుగుతాయి, లేక ఇరుసు విరుగుతుంది. ప్రపంచంలోకెల్లా గట్టి క్లచ్ తయారుచేసేవారు ముందుగా ఆలోచించేది అది ఎట్లా జారాలన్నదే!

ముందు చక్రాలు లేచినప్పుడు

కారు ఎగిరితే ఇరుసు పోతుంది. ట్రాక్టరు ఎగిరితే మనిషి పోతాడు. గట్టి ప్లేటులోని అసలు నష్టం ఇదే. దీనిని పదవ తరగతి విద్యార్థి కూడా లెక్క కట్టగలడు.

మొదటి గేరులో ఇంజను 200 చుట్లు తిరిగితే వెనుక చక్రం సుమారు ఒక చుట్టు తిరుగుతుంది. కనుక క్లచ్ దగ్గరి తిప్పుబలం వెనుక ఇరుసు దగ్గరకు వచ్చేసరికి సుమారు 200 రెట్లవుతుంది. ట్రాక్టరు బరువు 2000 కిలోలు. దాని గురుత్వ కేంద్రం వెనుక ఇరుసుకు 75 సెంటీమీటర్లు ముందున్నదనుకుందాము. ముందు భాగాన్ని నేలమీద పట్టి వుంచే భ్రామకం 2000ను 9.8తోను, 0.75తోను హెచ్చవేస్తే వచ్చే 14,700 న్యూటన్ మీటర్లు. దీనిని 200తో భాగిస్తే 73.5. అనగా వెనుక చక్రాలు బురదలో కదలకుండా బిగిసివున్నప్పుడు, క్లచ్ గుండా 75 న్యూటన్ మీటర్లు పోయినా చాలు. చక్రం తిరగలేదు గనుక దాని చుట్టూ ట్రాక్టరే తిరగడం మొదలుపెడుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. మన క్లచ్ పట్టు ఎంత? 360. సెరామిక్ వేస్తే 480 పైమాట.

సాధారణంగా ఇంత దూరం రాదు, ఎందుకంటే బురదలో చక్రం జారిపోతుంది. కాని దిగబడిన చక్రాల ముందు మొద్దు కట్టి పైకి రావాలని చూసినప్పుడు చక్రం జారడానికి వీలుండదు. అప్పుడు పెడలును టక్కున వదిలితే, తిరిగి రాలేని కోణం దాటడానికి ముప్పావు సెకను చాలునని వ్యవసాయ ఇంజనీర్లు చెబుతారు. మనిషి ప్రమాదాన్ని గుర్తించి, కాలు కదిపి, పెడలు తొక్కడానికి దాదాపు అంతే కాలం పడుతుంది. మెత్తగా పట్టే ప్లేటు ఆ బలాన్ని మెల్లగా పెంచి, ముందు భాగం తేలికపడుతున్నట్టు డ్రైవరుకు ముందే తెలియజేస్తుంది. టక్కున అందుకునే ప్లేటు ఆ సూచన ఇవ్వదు. “నీ కాలు మెల్లగ లేస్తదా” అని మెకానిక్ అడిగింది అందుకే. దిగబడిన బండిని వెనక్కు తీయడానికి ప్రయత్నించాలి, లేదా మరొక బండితో లాగించాలి. మొద్దు కట్టనే కూడదు.

మరి ఏది వేయాలి?

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకుముందు చాలా భాగం పాత వరంగల్లు జిల్లాలోనివే. నేలలు మాత్రం ఒకటి కావు. జనగామ వైపు చెల్కలు ఎక్కువ, పత్తి ఎక్కువ. అక్కడి ట్రాక్టరు ఏడాదిలో ఎక్కువ రోజులు ట్రాలీ లాగుతుంది. దానికి మంచి ఆర్గానిక్ ప్లేటు చాలును. సెరామిక్ వేస్తే ప్రతి కూడలి దగ్గర కుదుపులు తినడం తప్ప లాభం లేదు. మహబూబాబాదు వైపు బయ్యారం చెరువు వంటి పెద్ద చెరువుల కింద, కాలువల కింద దమ్ము రోజులు పెరుగుతాయి. అదే బండి మళ్ళీ మిరపకాయల బస్తాలు మోయాలి. ఇక్కడే చిక్కు ఎక్కువ. సొంత పొలం చేసుకుంటూ, ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి అయితే, ఆ మోడలుకు కంపెనీ అనుమతించిన మేరకు పెద్ద వ్యాసం గల ఆర్గానిక్ ప్లేటే మేలని ఈ రచయిత అభిప్రాయం. వారాల తరబడి కిరాయికి దమ్ము చేస్తూ, చేయి తిరిగిన ఒక్క డ్రైవరే నడిపే బండికి సెరామిక్ వేయడం తప్పు కాదు. భూపాలపల్లి వైపు నల్లరేగడి మడులలో అడ్డు మరీ ఎక్కువ గనుక ఈ మాట అక్కడ ఇంకా చెల్లుతుంది. ఏది వేసినా ప్రెషరు ప్లేటు దానికి జత అయినదే వుండాలి.

భూపాలపల్లి విద్యార్థులు సింగరేణి ఉపరితల గనులలో పెద్ద డంపర్లను చూసి వుంటారు. వాటికి ఇటువంటి పొడి క్లచ్ వుండదు. టార్క్ కన్వర్టరు అనే పెట్టెలో, ఒక చక్రం నూనెను చిమ్మితే ఆ నూనె మరొక చక్రాన్ని తిప్పుతుంది. జారడం నూనెలోనే జరుగుతుంది, వేడిని నూనె మోసుకుపోతుంది. దాని ఖరీదు, అది తాగే డీజిలు చూస్తే మన పొలానికి దిగిరావడం కష్టం.

రోటవేటరుతో దమ్ము చేసేవారు మరొకటి చూడాలి. ఒకే క్లచ్ వున్న బండిలో పెడలు తొక్కితే చక్రాలతోపాటు రోటవేటరు కూడా ఆగిపోతుంది. మళ్ళీ వదిలినప్పుడు బురదలో కూరుకున్న కత్తుల బరువు, బండి బరువు కలిసి క్లచ్ మీద పడతాయి. రెండంచెల క్లచ్‌లో పెడలు సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగి, కత్తులు తిరుగుతూనే వుంటాయి. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. బండి కొనేటప్పుడే అడగవలసిన ప్రశ్న ఇది. ప్లేటు మార్చేటప్పుడు అడిగి లాభం లేదు.

ప్లేటుతో సంబంధం లేకుండా ప్లేటును కాల్చేవి కూడా వున్నాయి. క్లచ్ డొప్ప అడుగున ఒక రంధ్రం వుంటుంది. దమ్ములోకి దిగేముందు దానికి బిరడా బిగించాలి, లేకపోతే బురదనీరు లోపలికి పోతుంది. బయటికి వచ్చిన తరువాత తీసివేయాలి, లేకపోతే లోపల చేరిన నూనె, నీరు బయటికి పోవు. ఇంజను వెనుక నూనె సీలు కారుతుంటే ఎంత ఖరీదైన ప్లేటు వేసినా జారుతుంది. పెడలు మీద ఎప్పుడూ కాలు ఆనించి నడిపితే స్ప్రింగుల బలంలో కొంత మనమే తగ్గించినట్టు. పెడలుకు మొదట రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఆట వుండాలి. లైనింగు అరిగినకొద్దీ ఆ ఆట తగ్గిపోతుంది గనుక కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు తిరిగి సరిచేయించాలి.

కొత్త ప్లేటు వేసిన మరునాడే దమ్ములోకి దించడం మరొక పొరపాటు. కొత్త లైనింగు ఫ్లైవీలును అంతటా తాకదు. అక్కడక్కడ ఎత్తుగా వున్న చోట్లే తాకుతుంది. వేడంతా ఆ కాసిని చోట్లే పడి మాడిపోతుంది. కొన్ని రోజులు తేలిక పని చేస్తే ఎత్తుపల్లాలు అరిగి, ముఖం అంతా కూర్చుంటుంది. అందుచేత ప్లేటు ఈ ఏటికి రాదని అనుమానం వున్నవారు వైశాఖంలోనే, పొలాలకు చెరువుమట్టి, పెంటమట్టి తోలే రోజులలో దానిని మార్పించుకుంటారు. ఆ నెలలో షెడ్డులో వరుస వుండదు. మెకానిక్‌కు సీలు, బేరింగు నిదానంగా చూసే తీరిక వుంటుంది. చిన్న గేరులో మట్టి తోలుతూ వుండగానే ప్లేటు కూర్చుంటుంది. ఆషాఢం నాటికి బండి కరిగెటలోకి దిగడానికి సిద్ధంగా వుంటుంది.